బావ బామ్మర్దుల బీజగణితం

గోదావరిఖని,
12-7-1987

గోలేటి కాలనీ నివాసి సామ్యేల్ బావకు, ఆయన కుడి మోకాలుకు, ఆ మోకాలు కంటె ఎక్కువ సప్పుడు చేసే మా సారవ్వ అక్కకు, మీ గడపల పండుకునే నల్లకుక్కకు డప్పు కొట్టి తెలుపునది:

మొదటిది. ఈ నెల ఒకటో తారీఖు సంది పూలమ్మ హోటల్ల చాయ గిలాస చిన్నగైంది. గిలాస గదే, మా నోళ్లే పెద్దగైనయని పూలమ్మ వాదన. రెండు దిక్కుల పెద్దమనుషులు కూసొని మాట్లాడుతున్నరు.

రెండోది. నేను మీసం తీసేసిన. నా పెండ్లాం యేసమ్మ రెండు దినాలు నన్ను గుర్తు పట్టనట్టు చేసి, మూడో దినం గుర్తు పట్టి తిట్టింది.

మూడోది. నా సైకిలుకు కొత్త బెల్లు పెట్టిచ్చిన. మోగుతలేదు. నోటితోనే మోగిస్తున్న. పాత బెల్లు కంటె మంచిగున్నది.

నాలుగోది అక్కకు గట్టిగ చదివి వినిపియ్యి. ప్రైవేటుగ పదో తరగతి రాసేటోళ్లకు మా కమ్యూనిటీ హాల్ల సాయంత్రం పూట లెక్కల క్లాసు పెట్టిండ్రు. ఆల్జీబ్రా ఓనమాల కాడికెల్లి చెప్తరట. అందుల నీ బామ్మర్ది తీతు పేరు రాయించుకున్నడు. ఇయ్యాల్టి సందే క్లాసు. నవ్వకు. నవ్వితివా? సరే, నవ్వుడు అయినంకనే చదువు.

ఈస్టరుకు మా ఇంటికి వచ్చినప్పుడు ఏమన్నవో యాదికున్నదా? దవాఖానల డాక్టరు నీ మోకాలు ఒత్తి చూసి, ఇంక రెండేండ్లు బొగ్గు బాయిల దిగితే ఈ కాలు నీది కాదన్నడు. పైన క్లర్కు నౌకరి కావాల్నంటే పది పాసు ఉండాలె. నువ్వు ఎన్నడో లెక్కలొక్కటి తప్పి పుస్తకం మూసినోనివి. "ఈ ఈడుల పోరగాండ్ల నడుమ నేనొక్కణ్ణే కూసుంటనా? నువ్వు చేరితే నేను చేరుత" అన్నవు. ఈ తీతుగాడు బతికుండంగ చేరడని నీ ధైర్యం. ఇగో, చేరిన. ఇప్పుడు చెప్పు.

ఇట్లు,
నిన్నటిదాక పంపు ఖలాసి, ఇయ్యాల్టి సంది విద్యార్థి,
తీతు


గోలేటి,
26-7-1987

ప్రియమైన తీతుకు,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం మంచిగున్నం. నీ చాటింపు అందింది. నల్లకుక్కకు కూడ చదివి వినిపించిన, ఏమీ అనలేదు. మీ అక్క మాత్రం పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. అది నవ్వుతోటి వచ్చిన నీళ్లేనా అని నేను అడగలేదు.

నేను మాట తప్పేటోణ్ణి కాదు. ఇక్కడి బడిల కూడ సాయంత్రం ఒక చిన్న ఈడు మాస్టరు చెప్తున్నడు. పోయిన సోమవారం చేరిన. బల్ల చిన్నది, మోకాలు మడత పడదు. కాలు నడి తొవ్వల చాపి కూసున్న. పోయేటోళ్లు వచ్చేటోళ్లు దాటుకుంట పోతున్నరు. సిగ్గయింది. అయినా లేవలేదు. అక్కడ నువ్వు కూడ ఇట్లనే కూసొని ఉంటవని తలుసుకున్న, ధైర్యమొచ్చింది.

ఒక సంగతి అడుగుత. ఎక్స్ అంటే ఏంది? తెలియని సంఖ్య అంటడు మాస్టరు. తెలియనిదాన్ని తీసుకచ్చి కూడుడేంది, తీసేసుడేంది? నాకు తల తిరుగుతున్నది. మీ సారు ఎట్ల చెప్పిండో రాయి. మీతోటి ఎవలెవలు చదువుతున్నరో కూడ రాయి. తీతు, నిజం చెప్పు, ఇది నీ ఎకసెక్కాలల్ల ఒకటి కాదు గదా?

మీ బావ,
సామ్యేల్


గోదావరిఖని,
9-8-1987

మోకాలు బావకు,

ఎకసెక్కమా? నా చేతులకు అంటిన చాక్‌పీసు పొడి మీద ఒట్టు.

మా సారు పేరు అలీముద్దీన్. బడిల చెప్పి పించనుకు దిగినా నోరు దిగలేదు. తెలుగుల మొదలువెడ్తడు, కోపమొస్తే వాళ్లింటి మాటల్లకు పోతడు. "అరే మియా, ఎక్స్ కు అకేలా కరో! పక్కకున్నోళ్లందర్ని అవుతలికి తోలు, ఒక్కణ్ణి నిలవెట్టి పేరడుగు, చెప్తడు" అంటడు. లెక్కనో, పోలీసు ఠాణానో సమజు కాదు.

క్లాసుల ముప్పై మందిమి. నేను కిటికీ కాడ, గాలి మంచిగొస్తది. మొదటి బల్ల మీద కనకవ్వ. మా బాయి ల్యాంపు రూంల చేస్తది. పెనిమిటి పోయినంక ఇచ్చిన నౌకరి. నా ఈడుదే. షిఫ్టుకు దిగేటప్పుడు మాకు టోపీ లైటు ఇచ్చుడు, ఎక్కినంక తీసుకొని కొక్కేనికి తగిలిచ్చుడు ఆమె పని. చదువు కంటె మొండితనం ఎక్కువ. ఒక లెక్క తప్పైతే సారును ఇంటికి పోనియ్యదు.

నీ ఎక్స్ సంగతి ఆమెనే అడిగిన. ఏమన్నదో చూడు:

"షిఫ్టు అయిపోయింది. లైట్లన్ని కొక్కేలకు ఎక్కినయి. ఒక్క కొక్కెం ఖాళీ. వాడు ఏ గుంతల ఉన్నడో నాకు తెల్వదు. ఎందుకు రాలేదో తెల్వదు. కాని ఒకడు ఉన్నడన్నది తెలుసు. వాడు వచ్చేదాక నేను తలుపు పెట్టుకొని పోను. గదే ఎక్స్. పో, మీ బావకు రాయి."

రాసిన. మొన్న సారు పెట్టిన పరీక్షల ఆమెకు పాతికకు పద్నాలుగు, నాకు పదకొండు. నీకెన్ని? దాచకు.

ఇట్లు,
పదకొండు మార్కుల తీతు


గోలేటి,
18-10-1987

తీతుకు,

కొక్కెం సంగతి నాకు మంచిగ అర్థమైంది. రెండు నెలలు బాగనే నడిసింది. కాని ఇగ నేను క్లాసుకు పోను. నువ్వు కూడ నన్ను బలవంతం చెయ్యకు.

మాస్టరు మన బాయి పనోళ్లకని సొంతంగ ఒక లెక్క తయారుచేసిండు. "ముగ్గురు ఫిల్లర్లు ఒక వారంలో నలభై అయిదు టబ్బుల బొగ్గు నింపినారు. రెండోవాడు మొదటివాని కంటె అయిదు ఎక్కువ. మూడోవాడు రెండోవాని కంటె అయిదు ఎక్కువ. ఒక్కొక్కరు ఎన్ని?" అని.

నేను ఒక్కొక్కరికి పదిహేను అని రాసిన. సున్న వేసిండు.

నేను లేచి అడిగిన. "సార్, ముగ్గురిది ఒక్క గ్యాంగే గదా?" అంటే అవునన్నడు. "గ్యాంగుల ఎవడెంత నింపినా ఆఖరికి సమానమే. ఎక్కువ నింపినోడు ఎక్కువ తీసుకుంటే అది గ్యాంగెట్లయితది?" అన్న. ఆయన నవ్విండు. ఆయనను చూసి అందరు నవ్విండ్రు.

తీతు, నీకొక్కనికి రాస్తున్న. మోకాలు మీద బండ పడి నేను మళ్ల డ్యూటీకి ఎక్కిన కొత్తల సగం పని కూడ నాతోని కాలేదు. మా గ్యాంగుల ఎల్లన్న, రాయమల్లు నా మొఖం దిక్కు చూడకుంట సమానం చేసిండ్రు. నువ్వెన్ని నింపినవ్ అని ఒక్కనాడు అడగలేదు. ఆ అడగని మాటను నన్ను పట్టుకొని అడుగుతున్నది ఈ లెక్క. నేను చెయ్య. నా కాలు ఏమైనా కానియ్యి.

ఇంకొకటి, మీ అక్క అడుగుతున్నది. ఉత్తరం తెరిస్తే కనకవ్వ, మూస్తే కనకవ్వ. ఈమె సంగతి యేసమ్మకు ఎర్కేనా? నేను వద్దన్నా వినకుంట యేసమ్మకు వేరే కార్డు రాసి డబ్బల వేసింది. నన్ను ఏమనకు.

సామ్యేల్


గోదావరిఖని,
1-11-1987

సున్న బావకు,

ముందు నీ భార్య చేసిన పని విను. కార్డు వచ్చింది. వారం దినాలు నాకు ఉప్పు లేని పప్పు. "కనకవ్వను అడుగు పో, ఉప్పు వేస్తది" అంటది యేసమ్మ. నేను ఎంత చెప్పినా నమ్మదు. నా నోరు అసొంటిది, నిజం చెప్పినా అబద్ధం తీరుగనే బయటికొస్తది. ఆఖరికి నిన్న క్లాసు టైముకు చెప్పకుంట హాలుకొచ్చి కళ్లార చూసి పోయింది. ఏం చూసిందో నేను రాయ. ఇయ్యాల పప్పుల ఉప్పు పడ్డది, పక్కకు మామిడి తొక్కు సుత పడ్డది. అక్కకు చెప్పు, ఇంకో కార్డు రాస్తే గోలేటికి వచ్చి మీ నల్లకుక్కను ఎత్తుకపోత.

ఇగ నీ లెక్క. మొన్న లైటు తీసుకునేటప్పుడు కనకవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించిన. నీకొక్కనికి అని రాసినవు, అయినా చదివిన. తిట్టుకో. నా ఎనుక పది మంది లైట్ల కోసం లొల్లి పెడుతున్నరు. ఆమె వాళ్లను ఆగుమన్నది.

"మీ బావ మంచోడు, కాని లెక్క సరిగ చదవలే" అన్నది. "ఎవడెన్ని నింపిండని అడిగితే, ఎవడెన్ని తీసుకున్నడో రాసిండు. అవి రెండు వేరు."

"ఆయన బాధ అది కాదు" అన్న.

"తెలుసు. ఒకటి అడుగు. ఆ ఎల్లన్నకు, రాయమల్లుకు ఈయన సగమే నింపిండని తెల్వదా? పక్కన నిలవడి తట్ట ఎత్తినోళ్లకు తెల్వకుంట ఉంటదా? తెలిసే సమానం చేసిండ్రు. తెల్వక చేస్తే అందుల వాళ్ల గొప్పతనమేమున్నది?"

లైటు తలకు పెట్టుకొని బాయిల దిగిన. పంపు కాడ దినమంత అదే మాట.

లెక్క సుత ఆమెనే చేసిచ్చింది. మొదటోడు ఎక్స్ అనుకో. రెండోడు ఎక్స్ కు అయిదు ఎక్కువ, మూడోడు ఎక్స్ కు పది ఎక్కువ. ముగ్గుర్ని కూడితే మూడు ఎక్సులు, ఒక పదిహేను. అన్ని కలిపి నలభై అయిదు. పదిహేను తీసెయ్యి, ముప్పై మిగుల్తది. ముగ్గురికి పంచు, పది. అంటే పది, పదిహేను, ఇరవై. కాయితం మీద గిది రాసి మార్కులు తీసుకో. ఇంటికి పోయి పదిహేను పదిహేను పంచుకో, ఎవడొద్దంటడు?

నువ్వు పోకపోతే నేను సుత బంద్ వెడ్త. అప్పుడు కనకవ్వ నన్ను లైటు లేకుంట బాయిల దింపుతది. నా పానం నీ చేతుల ఉన్నది.

తీతు


గోలేటి,
13-12-1987

ప్రియమైన తీతుకు,

నేను ఉత్తరం జేబుల పెట్టుకొని పది దినాలు తిరిగిన. తర్వాత ఒకనాడు షిఫ్టు అయినంక ఇంటికి వచ్చేటప్పుడు ఎల్లన్నను అడిగిన. "అప్పుడు నేను వచ్చిన కొత్తల ఎన్ని నింపేటోన్నో నీకు యాదికున్నదా?" అన్న.

ఎల్లన్న నడుసుకుంట నడుసుకుంట బీడీ ముట్టించిండు. "యాదికున్నది" అన్నడు.

"ఎన్ని?"

"చెప్ప" అన్నడు. అని, నా చేతుల అన్నం గిన్నె తీసుకొని తను పట్టుకున్నడు. మా ఇంటి మెట్లెక్కేదాక గిన్నె వదలలేదు.

మళ్ల క్లాసుకు పోయిన. మాస్టరు కూడ మంచోడే, తప్పయిందన్నడు. ఆయన కొత్తగ వచ్చిండు, మన పని ఎర్క లేదు. ఇప్పుడు సమీకరణాలు మంచిగ వస్తున్నయి. ఒకటి సరిగ వచ్చినప్పుడు లోపల చల్లగ అనిపిస్తది. నీకు కూడ అట్లనే అయితున్నదా?

కనకవ్వ అక్కకు మా ఇద్దరి వందనాలు చెప్పు. మీ అక్క సిగ్గుపడి ఆమెకు చింతపండు పంపుతున్నది. హాల్ టికెట్ వచ్చినంక నీ నంబరు తప్పకుంట రాయి. మా చర్చి సంఘంల నంబరు పెట్టి ప్రార్థన చేయిస్త. పేరు చెప్తే అందరు నవ్వుతరు, నీ సంగతి అందరికి ఎర్కే.

మీ బావ,
సామ్యేల్


గోదావరిఖని,
3-4-1988

బావకు,

పరీక్ష అయిపోయింది. పేపరు నన్ను చూసింది, నేను పేపరును చూసిన. ఎవలం ఎవల్ని గుర్తు పట్టలే. పక్కకు కూసున్న పోరడు నా దాంట్ల చూసి రాద్దామని మెడ సాపి, చూసి, మెడ వాపస్ తీసుకున్నడు. గంత మంచిగ రాసిన.

కనకవ్వ పేపరు సులువున్నదంటది. నువ్వెట్ల రాసినవో అది రాయి, నా ముచ్చట పక్కకు పెట్టు. చింతపండు అందింది. నంబరు అడుగుతనే ఉన్నవు గదా, ఇగో: 417263. ఇంక దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు.

ఈ నడుమ మోకాలు ఎట్లున్నది?

తీతు


గోలేటి,
12-6-1988

ప్రియమైన తీతుకు,

పేపర్ల రిజల్టు వచ్చింది. నేను పాసైన. లెక్కల నలభై ఒకటి వచ్చినయని మాస్టరు కనుక్కొని చెప్పిండు. ఆయన నన్ను పట్టుకొని ఏడ్చిండు, నేను ఆయనను ఊకుంచిన.

నీ నంబరు లేదు. చాలాసార్లు చూసిన. నా కండ్ల మీద నమ్మకం లేక మీ అక్క చూసింది, ఎల్లన్న బిడ్డ చూసింది. నీదాని కంటె చిన్న నంబర్లు ఉన్నయి, పెద్దయి ఉన్నయి. నీది లేదు.

తీతు, నువ్వు బాధపడకు. నన్ను ఈ తొవ్వల పెట్టినోనివి నువ్వే. పైన క్లర్కు పనికి పేర్లు ఇయ్యమని నోటీసు పెట్టిండ్రు. ఇరవై అయిదో తారీఖు ఆఖరు. నేను ఇయ్యను. మీ అక్క రెండు దినాల సంది నాతోని మాట్లాడుతలేదు, అయినా ఇయ్యను. ఇద్దరం కలిసి దిగినం, నిన్ను కింద వదిలిపెట్టి నేనొక్కణ్ణి ఎట్ల ఎక్కుత? ఎల్లన్న, రాయమల్లు నన్ను వదిలిపెట్టిండ్రా? వచ్చే సంవత్సరం నువ్వు మళ్ల రాయి. నేను నెలకొకసారి వచ్చి నీకు చెప్పిపోత. నువ్వు పాసైనంక ఇద్దరం కలిసే పేర్లిద్దాం. ఒక్క ఏడాదికి నా కాలు ఎక్కడికి పోదు.

రెండు నెలలు నీ నంబరు మీద ప్రార్థన చేసినం. మీ అక్క వద్దన్నా వినకుంట మోకరించిన, మళ్ల ఆమెనే లేపింది. దేవునికి ఏదో ఉద్దేశం ఉంటది.

మీ బావ,
సామ్యేల్


గోదావరిఖని,
15-6-1988

బావా,

ఈసారి డప్పు లేదు. ఉత్తరం చదివినంక కోపమొస్తది, రానియ్యి. కాని ముందు ఆ నోటీసు కాడికి పోయి పేరిచ్చి రా. ఇచ్చినంకనే కోపానికి రా.

నువ్వు ఎవని కోసం ఆగినవో ఆ తీతు క్లాసుల లేడు. అలీముద్దీన్ సారు ఉన్నడు. కనకవ్వ ఉన్నది, లెక్కల పాసై ఇంగ్లీషుల తప్పింది, ఇప్పుడు ఇంగ్లీషును తిడుతున్నది. క్లాసుల తీతు మాత్రం ఒక్కటే సాయంత్రం ఉండె.

పేరు రాయించుకున్నది నిజం. ఆ పొద్దుగాలనే నీకు ఉత్తరం డబ్బల వేసిన. సాయంత్రం పోయి కూసున్న. సారు నన్నే లేపి బోర్డు కాడికి పిలిచిండు. సగంల సగం ఎంత అని అడిగిండు. రొట్టె విరిసి ఇస్తే నేను చెప్తుంటి. బోర్డు మీద అడిగిండు. నా నోరు నీకెర్కే గదా, మేనేజరు ముందట మూతపడని నోరు. గది మూతపడ్డది. అందరు నా జోకు కోసం చూస్తున్నరు. చెమట కారుతున్నది. చాయ తాగొస్తనని బయటికొచ్చిన. మళ్ల లోపలికి పోలే.

నీకు నిజం రాద్దామని కార్డు కొన్న. రాసేలోపల నీ ఉత్తరం వచ్చింది. కాలు చాపి కూసున్న, నువ్వు సుత ఇట్లనే కూసొని ఉంటవని తలుసుకున్న, ధైర్యమొచ్చింది అని రాసినవు. ఇగ నేనెట్ల చెప్త? అప్పటి సంది క్లాసున్న ప్రతి దినం పోయిన. కిటికీకి అవుతల, సైకిలు పట్టుకొని. యేసమ్మ కనకవ్వను చూద్దామని వచ్చి నన్ను చూసింది. సైకిలు నా చేతులకెల్లి తీసుకొని తను పట్టుకున్నది, నేను కిటికీ ఊసలు పట్టుకోవాల్నని. గా పప్పుల ఉప్పు గందుకే పడ్డది.

నా పదకొండు మార్కులు అబద్ధం. ఆ మెడ సాపిన పోరడు అబద్ధం. నీకొచ్చిన లెక్కలన్ని కనకవ్వ చేసినయి, నేను మోసుకచ్చిన. నేను ఒక్క టబ్బు నింపలే, బావ. నాకు వాటా పెట్టకు.

నిన్ను కింద వదిలి ఎట్ల ఎక్కుత అంటవు. నేను బాయి అడుగున నీళ్లు తోడే పంపు కాడ ఒక్కణ్ణే ఉంట. నీళ్లు ఎక్కువైతే పైకి ఫోను చేస్త. పైన క్లర్కులు ఎవలో ఎత్తుతరు, కొందరికి నీళ్లంటే ఏందో తెల్వదు, "ఆగు, చూస్త" అంటరు. మీ బాయిల సుత నాసొంటోడు ఒకడుంటడు. వాడు ఫోను చేసినప్పుడు కింద ఏండ్లకేండ్లు తట్ట మోసినోడు ఎత్తితే, "ఎంత దాక వచ్చినయి రా? తొడల దాకనా? జల్ది ఎక్కు" అంటడు. గంత చాలు వానికి. నువ్వు పైకి పోతే వదిలిపెట్టినట్టు కాదు. ఇంక ఏడాది దిగి కాలు పోగొట్టుకుంటే నాకొచ్చేది ఏమున్నది, అక్క కన్నీళ్లు తప్ప?

జూలైల మళ్ల క్లాసు పెడుతున్నరు. పోతనని నీకు మాటియ్య, నా మాట ఎంతకు పడుతదో ఇప్పుడు నీకు తెలిసె. కనకవ్వ మాత్రం రొట్టె చేతికిచ్చి సగం, సగంల సగం అని నన్ను నిలవెట్టి అడుగుతున్నది. లైట్ల కోసం ఎనుక నిలవడ్డోళ్లు నవ్వుతున్నరు. చెప్తున్న.

ఇగ ఆఖరు ముచ్చట. 417263. కనకవ్వ హాల్ టికెట్ చూసి, ఎన్ని అంకెలున్నయో అన్ని పెట్టిన. మిగిలింది చేతికి ఏదొస్తే అది. మీరు సంఘమంత కూడి దేవుని ముందట పెట్టిన నంబరు, నువ్వు ఆ కాలుతోటి మోకరించిన నంబరు, ఎవలిదీ కాదు. పూలమ్మ హోటల్ల చాయ చల్లారేలోపల నేను పుట్టించింది.

తీతు